కొసరు మీద కొసరు

పోయినవి

ముందు పోయిన సామాను లెక్క చెబుతాను. స్టీలు బకెట్లు ఇరవై ఆరు. మూత గిన్నెలు నలభై ఎనిమిది. మూతలను నేను విడిగా లెక్కపెడతాను, ఎందుకంటే అవి విడిగానే పోతాయి: నలభై ఎనిమిది. గరిటెలు పందొమ్మిది. బేసిన్లు పదిహేను. నలుగురు పట్టుకుంటే తప్ప కదలని డేగిసా ఒకటి. మొత్తం నూట యాభై ఏడు.

ఇవన్నీ వజ్రపుకొత్తూరు తీరాన ఒక మత్స్యకార గ్రామంలో, ఒకే మధ్యాహ్నం, అందరూ చూస్తుండగా, చాలామంది నవ్వుతుండగా పోయాయి. దొంగ ఎవరూ లేరు. తప్పు నాది. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే, నేను రాసిన ప్రోగ్రాములో ఒకే ఒక్క వరుసది.

పలాసలో ఇరవై రెండేళ్లు జీడి ఫ్యాక్టరీలకు, కొట్లకు ప్రోగ్రాములు రాసి బతికాను. డిగ్రీ రెండో ఏడాదిలోనే ఆగిపోయింది. కంప్యూటరు పని ఎవరూ నేర్పలేదు. ఒక ట్యుటోరియల్ కాలేజీ మూతపడినప్పుడు తూకానికి అమ్మిన పాత కంప్యూటరు కొని, దానితో దెబ్బలాడుతూ నేర్చుకున్నాను. నిరుడు యాభై నాలుగో ఏట కొట్టు మూసేశాను. రిటైరయ్యానంటే తవిటయ్య నవ్వుతాడు. "నీకు ఉజ్జోగం ఎవుడిచ్చాడు బావా, రిటైరయిపోడానికి?" అంటాడు. తవిటయ్య ఎవరో తర్వాత చెబుతాను. ఆ గిన్నెలన్నీ అతనివే.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. ఒక లెక్కను ఒకసారి చేసి, జవాబును ప్రోగ్రాము తన జ్ఞాపకంలోనే దాచుకుని, అదే ప్రశ్న మళ్లీ వస్తే లెక్క చేయకుండా దాచిన జవాబే ఇస్తుంది. దీన్ని మెమోయిజేషన్ అంటారు, క్యాషింగ్ అంటారు. నేను గుర్తుల పెట్టె అంటాను. నా పేరు నిలబెట్టిన పనుల్లో సగం ఆ పెట్టెతో చేసినవే. నన్ను నవ్వులపాలు చేసిన పనుల్లో ముప్పాతిక కూడా ఆ పెట్టెతో చేసినవే.

బంగారమ్మ నాలుగు గింజలు

మొదటి గుర్తుల పెట్టెను నేను కంప్యూటరులో చూడలేదు. జీడి ఫ్యాక్టరీలో, గింజలు రకాలుగా ఏరే బల్ల మీద చూశాను.

పౌండుకు ఎన్ని గింజలు తూగుతాయో దాన్నిబట్టి జీడిపప్పుకు రకం పెడతారు. బంగారమ్మ ఆ బల్ల దగ్గర పెద్ద. ఆమె తూచదు, లెక్కపెట్టదు. పళ్లెం పక్కన నాలుగు గింజలు వరసగా పెట్టుకుంటుంది, ఒక్కో రకానికి ఒకటి. చేతిలోని గింజను చూస్తుంది, ఆ నాలుగింటిని చూస్తుంది, విసురుతుంది. నేను గడియారం పట్టుకుని చూశాను. నిమిషానికి తొంభైకి తగ్గలేదు.

"అక్కా, నాలుగే ఎందుకు? రకానికి పది పెట్టుకుంటే ఇంకా బాగా పోల్చుకోవచ్చు కదా" అన్నాను.

"నాలుగుంటే కన్నాడతాది తమ్ముడూ. నలభై ఉంటే ఎతుక్కోడానికే పొద్దు గూకిపోద్ది."

మర్నాడు పొద్దున్న నేను వెళ్లేసరికి ఆ నాలుగు గింజలనూ నోట్లో వేసుకుని నములుతోంది. కొత్తవి నాలుగు తీసి పళ్లెం పక్కన పెట్టింది. నేను నోరు తెరిచి చూశాను.

"అలగ సూత్తావేటి? నిన్నటి గింజ ఎండిపోయి సిన్నదైపోద్ది. దాంతో పోల్సి ఏరితే సిన్నవి కూడా పెద్దోటిలోకి ఎల్లిపోతాయి. పాతవి ఉంచితే సెయ్యి దాని మీదికే పోద్ది. అందుకే తినీసినాను."

మేనేజరుకు ఇది తెలుసు. ఆ సమయానికి కిటికీలోంచి బయటకు చూసేవాడు. రోజుకు నాలుగు చొప్పున పనిదినాలు మూడు వందలు అనుకుంటే ఏడాదికి పన్నెండు వందల గింజలు. అది రెండుంపావు కిలోల పైచిలుకు. ఆ ఫ్యాక్టరీ పెట్టిన ఖర్చులన్నిటిలో అంత తెలివైన ఖర్చు ఇంకోటి లేదని నా అభిప్రాయం.

పెట్టె చిన్నదిగా ఉండాలి. అందులోది తాజాగా ఉండాలి. పాతదాన్ని అందకుండా చేయాలి. ఈ మూడూ ఆ పళ్లెం పక్కన రోజూ నా కళ్లెదుటే ఉన్నాయి. నేను మాత్రం నవ్వేసి నా కంప్యూటరు దగ్గరికి వెళ్లిపోయాను.

ఆ ఫ్యాక్టరీలోనే నా మొదటి తప్పు జరిగింది. ఏ ఊరి జీడి పిక్కల్లో బస్తాకు ఎన్ని డబ్బాల పప్పు దిగుతుందో చెప్పే ప్రోగ్రాము రాశాను. లెక్క పెద్దది, కంప్యూటరు ముసలిది. అందుకని ఊరి పేరు మీద జవాబు దాచేశాను. ఎండల్లో బ్రహ్మాండంగా నడిచింది. ఒక వేసవి మధ్యలో నాలుగు రోజులు వాన పడింది. తడిసిన పిక్క బరువు తూగుతుంది గాని పప్పు దిగదు. ప్రోగ్రాము మాత్రం ఎండాకాలపు జవాబే ఠకీమని చెప్పింది. దాన్ని నమ్మి మేనేజరు డబ్బాలు తెప్పించాడు. నూట నలభై డబ్బాలు ఖాళీగా మిగిలి నడవ అంతా పేరుకున్నాయి. నెల రోజులు ఆ ఫ్యాక్టరీలో ఎవరూ మరుగుదొడ్డికి తిన్నగా నడిచి వెళ్లలేకపోయారు.

మేనేజరు తిట్టలేదు. డబ్బాల మధ్యలోంచి పక్కకు తిరిగి నడుస్తూ వచ్చి, "ఏటయ్యా, నీ కంప్యూటరుకి వాన పడిందని ఎవుడూ సెప్పనేదేటి?" అన్నాడు.

నిజంగా ఎవరూ చెప్పలేదు. చెప్పే చోటు నేను పెట్టలేదు. జవాబు దేనిదేని మీద ఆధారపడుతుందో అవన్నీ పెట్టె మీద చీటీలో ఉండాలి. నేను ఊరి పేరు ఒక్కటే రాసి వానను వదిలేశాను. కొత్తగా వచ్చేవాళ్లు పెట్టె కట్టేముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఏది మారితే ఈ జవాబు మారుతుంది? ఆ పట్టిక రాయడానికి బద్ధకం వేస్తే పెట్టె కట్టకండి. నెమ్మదిగా వచ్చిన సరైన జవాబుకు మనుషులు కాస్త విసుక్కుంటారు, అంతే.

తవిటయ్య గరిటె

బంగారమ్మ భర్తే తవిటయ్య. వంట మేస్త్రి, సొంత టెంట్‌హౌస్ కూడా ఉంది. టెక్కలి నుంచి సముద్రం దాకా ఏ విందులోనైనా పెద్ద గరిటె భుజం మీద వేసుకుని తిరిగేది అతనే. బంగారమ్మ నన్ను తమ్ముడని పిలుస్తుంది కాబట్టి తవిటయ్యకు నేను బావనయ్యాను.

కుర్రతనంలో తవిటయ్య ఎవరి దగ్గరో అంట్లు తోమేవాడు. ఒక పెళ్లిలో మిగిలిన అన్నం, కూరలు టెంటు వెనక గొయ్యి తీసి పూడ్చమన్నారట. పూడ్చాడు. ఆ రోజు ఒట్టు పెట్టుకున్నాడు: తను మేస్త్రి అయ్యాక, తన వంట పారబోసే రోజు వస్తే గరిటె దింపేస్తానని. ముప్పై ఏళ్లు అలాగే నడిపాడు. వండింది చాలలేదన్నవాడు లేడు, మిగిలి పారబోసింది లేదు. ఆ ఒట్టు సంగతి మా తీరపు తోటల ప్రాంతం ఉద్దానంలో అందరికీ తెలుసు. కొందరు దాని కోసమే అతన్ని పిలిచేవారు.

అతని కోసం నేను సరుకుల పట్టీ ప్రోగ్రాము రాశాను. ఎంతమంది, ఏమేమి వంటకాలు అని చెబితే బియ్యం ఎంత, పనసకాయలు ఎన్ని కిలోలు, జీడిపప్పు ఎంత, బూరెలు ఎన్ని, వాటిలోకి బెల్లం ఎంత అని పట్టీ వస్తుంది. వంటకంలో వంటకం, మసాలాలో మసాలా, అన్నీ వెతికి కలిపేసరికి నలభై సెకన్లు పట్టేది. తవిటయ్య ఆ నలభై సెకన్లూ కళ్లు మూసుకుని పెదాలు కదిపేవాడు.

నాకు ఆ నలభై సెకన్లు అవమానంగా ఉండేవి. గుర్తుల పెట్టె కట్టాను. ఈసారి చీటీలో అన్నీ రాశాను: మనుషుల సంఖ్య, వంటకాలు, నెల కూడా. మూడు వందల మందికి ఒకసారి లెక్క కట్టాక, మళ్లీ మూడు వందలంటే రెప్పపాటులో పట్టీ తెర మీద ఉండేది.

"ఓర్నాయనో! నోట్లో మాట నోట్లో ఉండగానే సెప్పేత్తంది బావా ఇది!" అని తవిటయ్య తొడ చరుచుకున్నాడు. నేను మూడు రోజులు నేల మీద నడవలేదు.

ఇక కొసరు సంగతి. పట్టీ ఎంత సరిగా వచ్చినా తవిటయ్య దాని మీద పదికి ఒకటి కలపనిదే ఒప్పుకోడు. కొసరు లేని తూకం, కొసరు లేని వడ్డన అతని దృష్టిలో మర్యాద కాదు. అందుకని తెర మీద కొసరు అని ఒక మీట పెట్టాను. అది నొక్కితే ప్రతి సరుకూ పదో వంతు పెరుగుతుంది. ఆ మీట నొక్కడం అతనికి ఎంత ఇష్టమంటే, నన్ను కూడా ముట్టుకోనిచ్చేవాడు కాదు. వేలు గాల్లోకి ఎత్తి, ఒక క్షణం ఆగి, నొక్కేవాడు.

ఏడాది పాటు తేడా రాలేదు. ఎందుకు రాలేదో తర్వాత తెలిసింది. ఆ కంప్యూటరు ఉన్న తవిటయ్య టెంట్‌హౌస్ వీధిలో రోజుకు ఒకసారైనా కరెంటు పోయేది. పోయినప్పుడల్లా కంప్యూటరు ఆగి, పెట్టె ఖాళీ అయి, మళ్లీ మొదటి నుంచి లెక్క కట్టేది. బంగారమ్మ రోజూ పొద్దున్నే గింజలు తినేసినట్టు, నా ప్రోగ్రాము పెట్టెను కరెంటు కోత తినేసేది. నా తప్పును ఏడాది పాటు దాచిపెట్టిన మహానుభావులు విద్యుత్తు లైన్లే.

తర్వాత నేనే తవిటయ్య చేత ఇన్వర్టరు కొనిపించాను.

పడవ విందు

పెళ్లిళ్ల కాలం ముందు పదకొండు రోజులు ఆ కంప్యూటరు ఆగలేదు. వచ్చే నెల పెళ్లిళ్ల వాళ్లు ఆరుగురు వచ్చారు, ఆరుగురూ మూడు వందల మందే అన్నారు, ఆరుగురి వంటకాలూ ఒకటే. ఆరు పట్టీలు, ఆరు కొసర్లు. ఏడో పట్టీ పడవ విందుది. ఆ తీరపు ఊళ్లో చేపలమ్మే పోలమ్మ కొడుకు కామేసు కొత్త పడవ దింపుతున్నాడు. గంగమ్మకు మొక్కి ఊరికి శాకాహార భోజనం పెట్టాలి. ఈ సంగతి రెండు రోజుల ముందు తేలింది. అదీ ఆ వచ్చే నెల ఒకటో తేదీనే, మూడు వందల మందికే, అవే వంటకాలు. అలా అందరికంటే చివర రాసిన పట్టీ అందరికంటే ముందు వండాల్సి వచ్చింది. తవిటయ్య మీట నొక్కి, కాగితం కుర్రాళ్లకిచ్చి, వేరే పని మీద టెక్కలి వెళ్లిపోయాడు. కళ్లు మూసుకోలేదు, పెదాలు కదపలేదు. అందుకు సమయమే లేకుండా చేశాను కదా.

నేనూ బంగారమ్మా ఆటోలో పది గంటలకు దిగాం. కొబ్బరి చెట్ల కింద డేగిసాల వరస చూసి నాకు ముచ్చటేసింది. అరగంటకు తవిటయ్య వచ్చాడు. అతనికి ముచ్చట వేయలేదు.

"ఎంతమందికిరా వండినారు?"

"మూడొందలకే మేస్త్రీ. పట్టీ పెకారమే" అన్నాడు పెద్ద వంటవాడు.

"మూడొందలకి నూటిరవై కేజీల బియ్యమేటి? తినీవోలు మనుసులా, ఏనుగులా?"

"కొత్త పడవ కదా, సుట్టాలెక్కువొత్తారేమో అనుకున్నాం."

నేను కాగితం అందుకున్నాను. మూడు వందల మందికి బియ్యం అరవై కిలోలు. కొసరుతో అరవై ఆరు. కాగితం మీద నూట ఇరవై. బూరెలు తొమ్మిది వందలు ఉండాలి, కొసరుతో తొమ్మిది వందల తొంభై. కాగితం మీద పదిహేడు వందల యాభై అయిదు. నాకు అంకెలు చూస్తే మనుషుల మొహాలు చూసినట్టే. ఒక్కోసారి పదో వంతు పెంచి, వచ్చిన భిన్నాన్ని పై అంకెకు సర్దుకుంటూ పోతే ఏడో మెట్టు మీద సరిగ్గా అక్కడికే చేరుతుంది.

"బావా, కొసరు ఏడుసార్లు పడింది" అన్నాను.

"నానొక్కసారే నొక్కినాను!"

"నువ్వొక్కసారే నొక్కావు బావా. పెట్టెలో ఏడుసార్లు పడింది."

తవిటయ్య నన్ను తిట్టి ఉంటే బాగుండేది. భుజం మీది గరిటె తీసి, చూసుకుని, కొబ్బరి చెట్టుకు ఆనించాడు. "అయిపోనాది బావా. యాభై నాలుగు కేజీల అన్నం. ముప్పై ఏళ్లలో ఎప్పుడూ గొయ్యి తీయనేదు. దింపీత్తన్నాను."

అక్కడున్న వాళ్లందరికీ ఆ ఒట్టు తెలుసు. బంగారమ్మ చీర కొంగు బొడ్లో దోపుకుంది.

"దింపుదువు గానీ, ముందు పారబొయ్యాలి కదేటి? ఇంకా పారబొయ్యనేదు. ఒట్టు పెట్టినోడివి సరిగ్గా పెట్టుకో. తమ్ముడూ, మిగిలింది ఎన్నిళ్లకి సరిపోద్ది? నీ కంప్యూటరుతో కాదు, నోటితో సెప్పు."

ఇంటికి అయిదుగురు, కిలో బియ్యపు అన్నం. "యాభై నాలుగిళ్లు అక్కా. బూరెలు ఇంటికి పద్నాలుగు. తొమ్మిది మిగులుతాయి."

"యాభై నాలుగిళ్లు నాను సెప్తాను" అంది పోలమ్మ. పడవ యజమాని తల్లి. నలభై ఏళ్లుగా తట్ట నెత్తిన పెట్టుకుని మూడు ఊళ్లలో చేపలమ్మిన మనిషి. "ఈ ఊరంతా పందిట్లోనే ఉంది. ఉత్తరం పేటలో ఇరవై ఏడిళ్లు, తోటల్లో ఇరవై మూడు, రోడ్డు మీద నాలుగు. మూల ఇంటికి ఇయ్యొద్దు, నిన్న ఇచ్ఛాపురం ఎల్లినారు. దాని పక్కింటికి రెండు రెట్లు ఇయ్యండి, ఆలింటికి పొద్దున్నే కూతురూ పిల్లలూ ఒచ్చినారు."

పోలమ్మకు అన్నీ గుర్తే, అన్నీ ఆ ఉదయపు గుర్తులే. రోజూ గడప గడపకూ తిరిగి పాతవి తుడిచి కొత్తవి రాసుకునే పెట్టె.

ఇక మొదలైన పరుగు చెప్పనలవి కాదు. అన్నం గిన్నెల్లోకి, బేసిన్లలోకి, బకెట్లలోకి. ఎనభై తొమ్మిది పాత్రలు. యాభై నాలుగు అన్నానికి పోతే కూరకు ముప్పై అయిదే మిగిలాయి. పందొమ్మిదిళ్ల కూర అరిటాకుల్లో కట్టి పంపాం. పప్పు మొత్తం ఒకే డేగిసాలో ఉండిపోయింది. దాన్ని అలాగే తోపుడు బండి ఎక్కించి ఉత్తరం పేటకు తోశారు. దాని వెనక ముగ్గురు గరిటెలు పట్టుకుని పరిగెత్తారు. మిగతా పదహారు గరిటెలు ఎవరికి ఎందుకిచ్చామో ఇప్పటికీ తెలియదు. చేప తట్టల్లో అరిటాకులు పరిచి బూరెలు పేర్చారు. ఆటో డ్రైవరు ఒడిలో బకెట్టు పెట్టుకుని ఒక చేత్తో నడిపాడు.

కామేసు పడవ దగ్గర నుంచి పరిగెత్తుకొచ్చాడు. "అమ్మా! మూర్తం దాటిపోతంది! పడవ దింపీవోలు ఒక్కరూ నేరు!"

"పడవ పారిపోదురా గుంటడా! సముద్రమూ పారిపోదు. అన్నం పాసిపోద్ది! నువ్వో బకెట్టు పట్టు!"

అతను పట్టుబట్టలతోనే బకెట్టు పట్టాడు. విందుకొచ్చినవాళ్లలో నడవగలవాళ్లంతా తినగానే చేయి కడుక్కుని గిన్నెలు మోశారు. ముసలివాళ్లు పందిట్లో కూర్చుని ఎవరింటికి ఏది చేరిందో పందేలు వేసుకున్నారు. మూడున్నరకు చివరి తట్ట ఖాళీగా తిరిగొచ్చింది. తవిటయ్య ఒక్కో డేగిసా బోర్లించి వేలితో గీకి చూశాడు. ఏమీ లేదు. గొయ్యి లేదు.

బల్ల మీద తొమ్మిది బూరెలు మాత్రం ఉన్నాయి. లెక్క తప్పలేదు.

"ఇయ్యేటి?" అన్నాడు తవిటయ్య.

"మిగిలినవి బావా."

"తిను."

తిన్నాను. అయిదో బూరెకు బెల్లం మీద విరక్తి కలిగింది. ఏడో బూరెకు జనం లెక్కపెట్టడం మొదలెట్టారు. తొమ్మిదోది మింగగానే తవిటయ్య చెట్టు దగ్గరికి వెళ్లి గరిటె తీసి భుజాన వేసుకున్నాడు. అప్పుడు పెద్ద కేక లేచింది. ఆ కేకతోనే అందరూ వెళ్లి పడవను నీళ్లలోకి తోశారు. ముహూర్తం దాటి చాలాసేపయింది. ఆ పడవకు ఇంతవరకు ఏ లోటూ రాలేదు.

ఇంటికొచ్చే దారిలో ఆటోలో బంగారమ్మ అడిగింది: "తమ్ముడూ, ఏ గిన్ని ఏ ఇంటికెల్లిందో రాసినావా?"

లెక్కల మనిషిని. జేబులో కలం ఉంది. రాయలేదు.

నకలు

కొసరు ఏడుసార్లు పడిందని తెలిసింది గాని ఎలా పడిందో తొమ్మిది రోజులు అంతు చిక్కలేదు. ఈలోగా పెళ్లిళ్ల పట్టీలు ఆరూ చేత్తో రాసిచ్చాను. పదో రోజు పొలం కాగితం పని మీద టెక్కలి వెళ్లాను. గుమస్తా పాత రిజిస్టరు తెరిచాడు. అందులో మా తాత పేరులో ఒక అక్షరం తప్పుంది. అలవాటు కొద్దీ జేబులోంచి కలం తీశాను.

"ఏటి సేత్తన్నారు? అసలు మీద మీరు రాసీత్తారేటి?" గుమస్తా రిజిస్టరు ధబీమని మూశాడు. "అసలు బీరువాలోనే ఉంటాది. మీకిచ్చేది నకలు. దాని మీద మీకు నచ్చినన్ని గీతలు గీసుకోండి."

నేను కుర్చీలోంచి లేచి అతనికి దండం పెట్టాను. అతను భయపడ్డాడు.

నా ప్రోగ్రాము పెట్టెలోంచి నకలు తీసి ఇవ్వడం లేదు, అసలే చేతికిస్తోంది. తవిటయ్య కొసరు నొక్కితే అది పెట్టెలోని పట్టీ మీదే పడుతోంది. తర్వాతివాడు అడిగితే కొసరు పడ్డ పట్టీయే వస్తోంది, దాని మీద మళ్లీ కొసరు. తవిటయ్య తప్పేమీ లేదు. ఇచ్చిన కాగితం మీద రాసుకున్నాడు. మాతృకను అతని చేతిలో పెట్టినవాణ్ని నేను. దిద్దడానికి పట్టింది ఒక్క వరుస. ఇచ్చేముందు నకలు తీయి, అంతే.

ఈ పనిలో పిల్లలకు నేను గట్టిగా చెప్పగలిగినవి తక్కువ. దాచింది ఇచ్చేటప్పుడు నకలివ్వండి. ఎప్పుడు పారేయాలో ముందే తేల్చుకోండి. కరెంటు కోతల వల్ల నడిచే ప్రోగ్రాము సరైన ప్రోగ్రాము కాదు, కొన్నాళ్లు ఆపకుండా నడిపి చూడండి. వేగం గురించి నా మాట చాలామందికి నచ్చదు, అయినా చెబుతాను: నలభై సెకన్లు మిగిల్చి నేను తవిటయ్య పెదాల కదలిక పోగొట్టాను. ఆ నలభై సెకన్లలో అతను నోటితో లెక్క కట్టుకుని నా లెక్కను తనిఖీ చేసేవాడు. అది పోయిన వస్తువుల పట్టికలో రాయలేదు, ఎలా రాయాలో తెలియక. ఇప్పుడు ఆ ప్రోగ్రాము పట్టీతో పాటు తలకు ఎంత బియ్యం పడుతుందో పైన పెద్ద అక్షరాలతో చూపిస్తుంది. అది చదివి సరే అంటేనే కాగితం వస్తుంది. తవిటయ్య మళ్లీ పెదాలు కదుపుతున్నాడు.

తిరిగొచ్చినవి

ఇచ్చిన గిన్నెను ఖాళీగా తిరిగి పంపకూడదన్నది మా వైపు మర్యాద. వారం తిరక్కుండానే గిన్నెలు రావడం మొదలైంది. ఎండు రొయ్యలతో, కొబ్బరికాయలతో, పనస గింజలతో, పచ్చి జీడిపప్పుతో వచ్చాయి. ఒక బకెట్టులో బతికున్న కోడి వచ్చింది, పైన బేసిను బోర్లించి. డేగిసా సముద్రం మీద వచ్చింది. ఉత్తరం పేట వాళ్లు దాన్ని పడవలో పెట్టుకుని తెచ్చి పోలమ్మ ఊరి ఒడ్డున దింపారు.

తెచ్చినవాళ్ల చేతులు ఖాళీగా పంపితే బంగారమ్మకు తోచదు. వాళ్ల తట్టలో బూరెలు పెట్టేది. ఆ తట్టలకు బదులు వాళ్లు మళ్లీ ఏదో తెచ్చేవారు. దానికి ఈమె మళ్లీ పెట్టేది. ఆగే షరతు రాయని లెక్క ఎలా ఉంటుందో చూడాలంటే తవిటయ్య వాకిట్లో ఆ నెల నిలబడి ఉండాల్సింది. ఆఖరికి నేనే రెండు చేతులూ అడ్డం పెట్టి, "అక్కా, ఈ ఒక్కసారికి ఎవరో ఒకరు బాకీ పడండి" అని వేడుకున్నాను.

రెండేళ్లయింది. ఒక్కో గిన్నె వచ్చినప్పుడల్లా నా పట్టికలో కొట్టేస్తున్నాను, నకలు మీద. పోలమ్మ దగ్గర ఒక మూత గిన్నె ఉండిపోయిందని నాకు తెలుసు, దాచకుండా ఆవిడే చూపిస్తుంది. నెలకోసారి వెళతాను. టీ ఇస్తుంది. గిన్నె గూట్లో తళతళలాడుతూ ఉంటుంది.

"ఖాళీగా ఎలగిత్తాను తమ్ముడూ? మేస్త్రి గరిటె నిలబెట్టిన గిన్ని అది. దానికి తగ్గ సేప పడనీ" అంటుంది.

"మొన్న అంత పెద్ద వంజరం పడిందట కదా?"

"పడింది. గిన్నిలో పట్టనేదు."

తవిటయ్య ఎప్పుడూ ఆ గిన్నె అడగలేదు. నిన్న మాత్రం, భుజాన గరిటెతో పెళ్లి వంటకు పోతూ నా ఇంటి ముందు ఆగి, "బావా, ఎంతవరకు ఒచ్చింది లెక్క?" అన్నాడు. పట్టిక తీసి చదివాను.

పోయినవి నూట యాభై ఏడు. వచ్చినవి నూట నలభై తొమ్మిది. ఇంకా రావలసినవి గిన్నెలు మూడు, మూతలు నాలుగు, గరిటె ఒకటి. వెరసి ఎనిమిది.